అంచు దాకా వెలిగిందన్న కబురు

మా అమ్మాయికి సైన్సు చెప్పిన మేష్టారు పోయిన గురువారం తెల్లవారుతుండగా బందరులో, తమ ఇంట్లోనే కన్నుమూశారు. ఆ మధ్యాహ్నమే హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. జబ్బు ఉన్నచోటును వెలిగించి చూపించడానికి వాళ్ళ ల్యాబులో తయారుచేసినదాన్ని ఇకమీదట ఆపరేషను జరుగుతుండగానే వాడి చూడటానికి అనుమతి వచ్చిందట. ఒక చెవిలో అది, ఒక చెవిలో ఇది. ఆనందం పట్టలేక ఏడ్చానో, ఏడుస్తూనే ఆనందించానో నాకు ఇప్పటికీ తేలడం లేదు. చదివేవారు మన్నించాలి. హైస్కూలు దాటనివాణ్ణి, రెండింటినీ విడదీసి రాయడం నాకు చేతకాదు.

నేను చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసేవాణ్ణి. మేష్టారిది అవనిగడ్డ దగ్గర పల్లె. ఉద్యోగం గుడివాడలో మొదలై బందరులో ముగిసింది. నన్ను బావగారూ అని పిలిచేవారు. ఏ వరసా లేదు. పిల్లని మీరు కన్నారు, నేను చదివించాను, అంతకన్నా ఏం వరస కావాలని నవ్వేవారు.

ఆయన పాఠం పిల్లల వెంట ఇంటిదాకా వచ్చేది. ఒకరోజు మా అమ్మాయి బడి నుంచి వస్తూనే, వాళ్ళమ్మ చీరలకని ఉంచుకున్న గంజిని రెండు గ్లాసుల్లోకి వంచింది. ఒకదానిలో టించరు అయోడిన్ చుక్క వేస్తే నీలంగా మారింది. రెండోదానిలో ఉమ్మింది. వాళ్ళమ్మ అట్లకాడ అందుకుంది. కాసేపాగి టించరు వేస్తే అందులో నీలం రాలేదు. ఉమ్ములో ఉన్న ఎంజైము గంజిని అరిగించేసిందట. ఈ గంజి గొడవ నేను వెళ్ళి చెబితే మేష్టారు అన్న మాట ఒకటుంది. "కంటికి కనపడనివాణ్ణి పట్టుకోవాలంటే వాడు చేసిన పనిని పట్టుకోవాలండీ."

నాకు బోధపడలేదు. ఆయన ఎవర్నీ అర్థమైందా అని అడిగేవారు కాదు. నేను సరిగ్గా చెప్పానా అని అడిగేవారు. చెప్పలేదని ఎలా అంటాం? తలూపాను.

మా బంగారుతల్లికి ఆ మాటే బతుకైంది. వాళ్ళ ల్యాబులో తయారుచేసే, జబ్బును వెలిగించి చూపే ప్రోబ్ సంగతి కూడా మేష్టారే మా షెడ్డులో స్టూలు మీద కూర్చుని చెప్పారు. పాఠం మొదలెట్టే ముందు చేతి గడియారం విప్పి జేబులో వేసుకోవడం ఆయనకు అలవాటు. ఆ ప్రోబ్ కంటికి ఆనని చిన్న అణువట. ఊరికే ఉన్నప్పుడు చీకటిగా ఉంటుంది. జబ్బు కణాల్లో మరీ చురుగ్గా పనిచేసే ఎంజైము ఒకటి కత్తెరలా దాన్ని తుంచితే పచ్చగా వెలుగుతుంది. వెలుగుతుందన్నంత వరకు నాకు గట్టిగా గుర్తుండిపోయింది.

కిందటేడు మేష్టారి తొడలో గడ్డ తేలింది. హైదరాబాదులో తీయించుకున్నారు. తీసిన ముక్కలో కొంత మా అమ్మాయి ల్యాబుకు ఇమ్మని ఆయనే సంతకం పెట్టి, ఫలితం ఏదైనా తనకు చెప్పాల్సిందేనని అమ్మాయితో ఒట్టు వేయించుకుని బందరు వచ్చేశారు. తర్వాత ఒక ఉదయం మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, వెలిగింది. అంచు దాకా వెలిగింది. ఆసుపత్రి రిపోర్టూ అదే చెప్పింది. మేష్టారికి నువ్వే చెప్పు, నా వల్ల కాదు" అని పెట్టేసింది.

మా పనిలో నగకు చివరగా మెరుగు పెట్టి, కిటికీ దగ్గర తిప్పి చూస్తాం. అంచు దాకా మెరిస్తే నగ నెగ్గినట్టు. అంచున రాగి మసక కనపడితే పక్కన పడేస్తాం. ఊహ తెలిసినప్పటి నుంచి నా కంటికి అదే లెక్క. అందుకే ఇంకేమీ అడగలేదు. బందరు లడ్డూలు కట్టించుకుని పరుగున వెళ్ళాను.

మేష్టారు మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నారు.

"వెలిగిందా?"

"వెలిగిందండీ మేష్టారూ."

"అంచున?"

"అంచు అంచంతానండీ. వంక పెట్టడానికి లేదు."

ఆయన గడియారం విప్పి జేబులో వేసుకున్నారు. పాఠం చెబుతారనుకున్నాను. లడ్డూ తీసుకుని సగం తుంచి భార్యకు ఇచ్చారు. మిగతా సగం నెమ్మదిగా, పూర్తిగా తిన్నారు. "మన పిల్ల నెగ్గిందండీ బావగారూ" అన్నారు.

సాయంత్రం మా అమ్మాయి మేష్టారు ఎలా ఉన్నారని అడిగితే, లడ్డూ తిన్నారే అన్నాను. అప్పుడు చెప్పింది. వెలిగినచోటల్లా జబ్బు ఉన్నట్టట. ముక్క అంచున వెలిగిందంటే ఒంట్లో ఇంకా మిగిలిందనట. చీకటిగా ఉంటేనే మేష్టారు గట్టెక్కినట్టట.

మర్నాడు వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆయనే రమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మొహమాటానికి తినలేదండీ, ఇష్టపడే తిన్నాను. పిల్ల చేసిన వస్తువు ఉన్నది ఉన్నట్టు చెప్పింది, ఇంకేం కావాలి?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మా ఆవిడకి మాత్రం నాలుగు రోజులు చెప్పకండి. తిన్న తీపి అరగనివ్వండి" అన్నారు.

మళ్ళీ కోశారు. అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది.

శుక్రవారం మా అమ్మాయి వచ్చింది. మేష్టారి భార్య నాకు చెల్లెమ్మ వరస. అంతా తెలిసిన మనిషే ఇప్పుడు. అప్పుడు వెలిగిన ముక్కకు ల్యాబులో తీసిన ఫొటో ఏదీ చూపించమని అడిగింది. మా అమ్మాయి నావైపు చూసి ఫోను ఆమె చేతిలో పెట్టింది. నల్లటి తెర మీద చిన్న ముక్క. దాని అంచు వెంబడి, నారుమడి గట్టులా, పచ్చటి వెలుగు.

"ఇది మీ మేష్టారేనా?"

"అవునత్తయ్యగారూ."

"ఎంత బాగుందే" అంది. అనేసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా నోటి చివర ఉన్నదీ అదే మాట. అలా అనవచ్చునో కూడదో నాకింకా తెలియదు.

కాసేపటికి ఫోను తెర మసకబారింది. ఆమె వేలితో తాకింది. మళ్ళీ పచ్చగా వచ్చింది. మా అమ్మాయి ఫోను తిరిగి అడగలేదు. మసకబారినప్పుడల్లా ఆ వేలు తెరను తాకుతూనే ఉంది.