జీడిపిక్క కోసం మైకు

నా తెలివితేటలు ఒక నిండు చూలాలి ప్రాణం మీదికి తెచ్చిన కథ చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం నర్సీపట్నంలో ఎవరూ నవ్వలేదు.

నేను లెక్కల మాస్టారిని. ఊళ్ళో రక్తదాతల వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ని కూడా. వేసవి సెలవుల్లో పని లేక వికేంద్రీకృత సోషల్ మీడియా గురించి చదివాను. దానికి యజమాని ఉండడట. ఎవరికి నచ్చిన సర్వర్లో వాళ్ళు చేరి, అందరితోనూ మాట్లాడుకోవచ్చట. ఇంకేముంది, నాకు పూనకం వచ్చింది. "అందరం అక్కడికి మారిపోదాం. అసలు పేర్లు వద్దు. ఫోన్ నంబర్లు చెరిపెయ్యండి" అని గ్రూపులో హుకుం జారీ చేశాను.

"మరి అవసరానికి ఎలాగండీ?" అన్నాడు మా ఎదురింటి కిరాణా కొట్టు సత్యం.

"పోస్టు పెడితే ప్రపంచమంతా చూస్తుందయ్యా!"

అందర్నీ వేధించి చేర్పించి, పాత గ్రూపు మూసేశాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది వేరే సర్వరు.

నెల తిరక్కుండానే, మా పిల్లల్ని బడికి దింపే ఆటో అప్పలనాయుడు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మా కూతురు లచ్మికి ఆపరేషన్ సేసి బిడ్డని తియ్యాలంతన్నారు. ఓ నెగటివ్ రగతం గావాలంట. బేగి సూడండి, మీరే దిక్కు!"

"నిశ్చింతగా ఉండు" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ కొట్టుకోవాలనిపిస్తుంది.

పోస్టు పెట్టాను. పది నిమిషాల్లో ఫిన్లాండ్ నుంచి ఒకాయన ధైర్యం చెప్పాడు. ఇంకెక్కడి నుంచో ఒకావిడ హృదయం బొమ్మ పంపింది. ఆ తర్వాత మేం చేరిన సర్వరుని నడిపే పెద్దమనిషి దిగాడు: "రక్తం అన్న మాట చూసి కొందరు కలత చెందుతారు. పోస్టు మీద హెచ్చరిక పెట్టి, విషయం లోపల దాచండి."

క్రమశిక్షణ గలవాణ్ణి కదా, దాచాను. ఇక పైకి కనిపించేది "సున్నితమైన విషయం, ఇష్టమైతేనే తెరవండి" అన్న ముక్క ఒక్కటే. ఎవరికి ఇష్టం, మీరే చెప్పండి?

మళ్ళీ ఫోన్. "దొరికినారా మాస్టారూ?"

"జీడిపిక్కకి కబురు పెట్టాను."

"ఎవులికి?"

"జీడిపిక్క. మారుపేరు. రక్తం అన్న చోట ఓ నెగటివ్ అని ఉంది."

"ఇల్లెక్కడో సెప్పండి, నేనే ఆటో ఏసుకెల్తాను."

"ఇల్లు తెలీదు. ఊరు అన్న చోట భూగోళం అని రాసుకున్నాడు."

"మాస్టారూ, నా కూతురు సచ్చిపోతంది."

పాత గ్రూపు ఉంటే అయిదు నిమిషాల పని. ఎవరిది ఏ రక్తమో అన్నీ అందులోనే ఉండేవి, నా బుర్రలో ఒక్కటీ లేదు. ఆసుపత్రికి పరుగెత్తడానికి కూడా భయమేసింది.

చివరికి లక్ష్మి తల్లి పైడమ్మ కూరగాయల ఆటో ఆపి, మైకు లాక్కుంది. "ఓ నెగటివ్ రగతం ఉన్నోలు బేగి రండి బాబూ, మా పిల్ల ఎల్లిపోతంది!" అని ఏడుస్తూ వీధులన్నీ తిరిగింది. మా వీధిలోకి రాగానే సత్యం కొట్టు తెరిచిపెట్టి మరీ పరుగెత్తుకొచ్చాడు.

"నాదేనమ్మా, పద!"

"నువ్వా జీడిపిక్కవి?" అన్నాను.

"మీరే గదండీ పేరు దాసుకోమన్నారు. ఆ గోలంతా నాకర్తం కాక రెండో రోజే ఫోన్లోంచి తీసీసినాను."

ఆపరేషన్ బాగా ఆలస్యమైంది. లక్ష్మి దక్కింది. బిడ్డ మాత్రం నాలుగు రోజులు గాజు పెట్టెలో కొట్టుమిట్టాడింది. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సహించలేదు.

బిడ్డ గట్టెక్కి తల్లితో ఇంటికొచ్చాక, అప్పలనాయుడు వీధిలో అందరికీ మిఠాయి పంచాడు. నాకూ ఒకటి చేతిలో పెట్టి, మెల్లగా అన్నాడు: "మాస్టారూ, ఇంకెప్పుడైనా మా ఇంట్లో ఆపదొస్తే తవరు సాయం మాత్రం సెయ్యకండి. అదే పదివేలు."

అందుచేత, చాక్‌పీసు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇక మీదట ప్రపంచాన్ని పిలిచే ముందు ఎదురింటి తలుపు కొడతాను.