బొట్టు లేని ఫోటో

ఈ ఉదయం ఒక తప్పు చేశాను. పేపర్లో వరద ఫోటో చూసి, ఏడుస్తున్న ఆడమనిషి చెంప మీద పడిన ఎండకు మురిసి, "ఏం వెలుగు" అన్నాను. మా ఆవిడ కాఫీ గ్లాసు పెడుతూ "ఎవరామె?" అంది. ఫోటో కింద వెతికాను. తీసినవాడి పేరుంది, ఆమె పేరు లేదు. ఇప్పటి పత్రికల ఫోటోలన్నీ ఇంతే. కన్నీటి చుక్క మెరిసేదాకా కాచుకుని నొక్కుతారు, ఆ చుక్క ఎవరిదో అడగరు. పైగా దానికి కళ అని పేరు, శాలువా, చప్పట్లు. నాకు ఒళ్లు మండుతుంది. నెల్లూరు తీరంలో ఆ విద్య మొదలుపెట్టిన ఘనుల్లో నేనూ ఒకణ్ణి కాబట్టి మరీ మండుతుంది.

పంతొమ్మిదివందల అరవైల్లో ఒక తుఫాను వెలిసిన మర్నాడు, మెడలో కెమెరాతో మైపాడు దగ్గరి ఒక పల్లెపాలేనికి వెళ్లాను. నాకు కావలసిన ఏడుపు ఎక్కడా దొరకలేదు. పడవలన్నీ ముందే ఒడ్డెక్కాయి. జనం తడిసిన వలలు ఆరేసుకుంటూ, పులుసు వాసనల మధ్య హాయిగా ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. చివరికి, తలంటుకుని పడవ అంచున జుట్టు ఆరబెట్టుకుంటున్న ఒక పడుచు కనిపించింది. స్నానంలో బొట్టు పోయింది, ఇంకా పెట్టుకోలేదు. "సముద్రం వైపు చూడమ్మా" అన్నాను. "నవ్వాల్నా అన్నా?" అంది. వద్దన్నాను. తిరిగిరాని భర్త కోసం ఎదురుచూపు అని కింద రాసి పేపర్లో వేశారు. రాసిచ్చింది నేనే. ఆ ఏడు ఉత్తమ ఫోటో బహుమతి దానికే వచ్చింది.

పేపరు చూసి ఆమె చుట్టాలు మనుబోలు నుంచి శోకాలు పెడుతూ బస్సు దిగారట. వాకిట్లో వల బాగుచేసుకుంటున్న మొగుడు తలెత్తి, "ఎవురు పోయినారు?" అన్నాడట. "నువ్వేరా" అన్నారట. పాలెమంతా పడీ పడీ నవ్వింది. నవ్వులయ్యాక మాత్రం, వేటకు పడవ తోసే వేళ ఆమెను ఎదురు రావద్దన్నారు. ఒకసారి విధవగా అచ్చయిన ముఖం మరి. బహుమతి సంగతి చెబుదామని గర్వంగా వెళ్తే ఆమె తలుపు చాటునుంచే అంది: "పేపర్లో నా బొట్టు చెరిపినావు. పేపర్లోనే పెట్టు."

మొగుణ్ణీ పెళ్లాన్నీ పడవ ముందు నిలబెట్టి తీశాను. నూనె రాసి దువ్విన తల, రూపాయంత బొట్టు, ఇద్దరూ గుంజల్లా బిగుసుకుని. సంపాదకుడు చూసి, "ఇందులో కళ ఎక్కడుందయ్యా" అని బల్ల మీదికి విసిరాడు. నేను వాదించలేదు. నాకు అప్పటికే శాలువా కప్పారు. ఆమెకొక కాపీ పంపి చేతులు దులుపుకున్నాను.

కాఫీ చల్లారిపోయింది. లేచి, హాల్లో గోడ మీదున్న బహుమతి ఫోటో దించి, ఆ ఫ్రేములోనే ట్రంకుపెట్టెలోని గుంజల జంటను బిగించాను. వాకిట్లో వల బాగుచేసుకునే మనిషిని మా గోడ మీద నేనే ముంచాను. అతణ్ణి ఒడ్డుకు చేర్చడానికి నాకు ఒక జీవితకాలం పట్టింది.