గుర్రాల పేరున పెట్టిన దరఖాస్తు

మొన్న ఆదివారం మా మేనల్లుడు వచ్చి, తన తుపాకీకి సైలెన్సర్ కొనుక్కోవడానికి పర్మిట్ మూడు వారాల్లోనే వచ్చేసిందని ఫోనులో చూపించాడు. ఊళ్లవతల పొలాల్లో అడవి పందుల్ని కాల్చే పని వాడిది. సంతోషంరా అన్నాను గానీ, వాడు వెళ్లాక టీవీ కూడా పెట్టుకోబుద్ధి కాలేదు.

నగరం శివార్లలోని ఈ స్కోఫీల్డ్స్‌లో ఇప్పుడు వరసగా ఇళ్లు లేచిన చోట ఒకప్పుడు మేము కోళ్ల ఫారం కౌలుకు చేసేవాళ్లం. ఫిజీలో ప్రభుత్వాన్ని కూలదోసి సైనికులు రోడ్ల మీదికి వచ్చాక ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లం. ఆ రోజుల్లో మా వీధిలో విన్న తుపాకీ చప్పుడు మా ఆవిడ చెవుల్లోంచి ఎన్నేళ్లయినా పోలేదు. ఇక్కడ సాయంత్రమయ్యేసరికి కోళ్ల కోసం నక్కలు వచ్చేవి, నేను కాల్చేవాణ్ణి, ఆవిడ చేతిలో పని వదిలేసి వంటింటి గోడకు ఆనుకుని కూర్చుండిపోయేది. చప్పుడు తగ్గించే ఆ గొట్టానికి దరఖాస్తు పెట్టాను. పర్మిట్ రాగానే వచ్చేస్తానని ఆవిడ కాన్‌బెర్రాలో మా మరదలి ఇంటికి వెళ్లింది.

ఫారంలో కారణం రాయమన్నారు. ఇంటి ఆడమనిషి భయాన్ని ముక్కూ మొహం తెలియని ఆఫీసర్ల ముందు పెట్టడానికి నాకు నామోషీ అనిపించి, పక్కాయన గుర్రాలు బెదురుతున్నాయని రాశాను. పిడుగు పడ్డా తల ఎత్తని ముసలి గుర్రాలవి! రెండు నెలలకు, గుర్రాల యజమాని చేత ఉత్తరం రాయించి పంపమని జవాబొచ్చింది. ఆయన నిక్కచ్చి మనిషి, లేనిది రాయనన్నాడు. చివరికి వెనక వీధిలో ఒకాయన కొత్తగా గుర్రప్పిల్లను కొంటే, బతిమాలి ఆయన చేత రాయించి మళ్లీ మొదటి నుంచీ పెట్టుకున్నాను. రోజూ పోస్టు డబ్బా తెరిచి చూడటం, ఆఫీసును తిట్టుకోవడం, పొద్దున మిగిలిన అన్నమే రాత్రికీ తినడం, అలా గడిచింది నా కాలం.

పదకొండో నెలలో పర్మిట్ రాగానే కాగితాలన్నీ పట్టుకుని నేరుగా కాన్‌బెర్రా వెళ్లాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, నా దరఖాస్తు నకలుతో సహా మొత్తం చదివింది.

"ఇన్నాళ్లూ నేను వెయిట్ చేసింది హార్సెస్ కోసమా అండీ?" అంది.

కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేది. టీ ఇచ్చింది, అక్కడ చైల్డ్‌కేర్‌లో పని దొరికిందని చెప్పింది, అక్కడి పిల్లల్ని వదిలి రాలేనంది. ఆ తర్వాత పండగలకు వచ్చి రెండు రోజులుండి వెళ్లేది తప్ప, నాతో కాపురానికి మళ్లీ రాలేదు. రమ్మని గట్టిగా నేనూ అడగలేదు, నా పంతం నాది. రెండేళ్ల క్రితం అక్కడే పోయింది.

ఆ రోజుల్లో మూడు వారాల్లో వచ్చి ఉంటే అని మొన్నటి నుంచీ అనుకుంటున్నాను గానీ, ఆ పదకొండు నెలల్లో తొమ్మిది నా అబద్ధం తినేసినవే. కోళ్లూ నక్కలూ పోయాయి, నా తుపాకీ ఎప్పుడో అప్పగించేశాను. సాయంత్రం ఈ వీధిలో చిన్న చప్పుడు కూడా ఉండదు. ఆవిడ హాయిగా ఉండగలిగే ఇల్లు ఇప్పుడైంది. ఇందులో నేనొక్కణ్ణే ఉంటున్నాను.