థ్రాసోస్‌కు మంగళవారం పడదు

సమాత్యా స్టేషన్ పక్కన గడియారాలు బాగుచేసే థ్రాసోస్ దగ్గరికి తొందరలో ఉన్నవాళ్ళెవరూ వెళ్ళేవారు కాదు. వాచీ వెనక మూత తీయగానే ఆయన పాత రోమన్ సామ్రాజ్యం కథ మొదలుపెట్టేవాడు. కాన్‌స్టంటైన్ ఈ ఒడ్డున రాజధాని కట్టడం దగ్గర ఎత్తుకుంటే, స్ప్రింగు మార్చేసరికి జస్టీనియన్ పెద్ద గుమ్మటం లేచేది, మూత బిగించేసరికి నగరం పడిపోయేది. వాచీకి సెకండ్ల ముల్లు కూడా ఉంటే ఆ తర్వాత మిగిలిన చివరి తునక ట్రెబిజోండ్ పతనం అదనం.

"వెయ్యేళ్ళ పైన నిలబడిందయ్యా! పడగొట్టిందెవరు? సుల్తానా? ఆయన వచ్చేసరికి మిగిలిందేముంది, గోడలూ ఓ పెద్ద గుడీ తప్ప? ఇంటివాళ్ళే ముంచారు. అన్న కళ్ళు పొడిపించి తమ్ముడు గద్దెనెక్కాడు. ఆ అన్న కొడుకు వెళ్ళి పడమటి దేశాల ఫ్రాంకుల సైన్యాన్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు ఊరంతా ఊడ్చుకుని, కంచు గుర్రాల్ని కూడా ఓడెక్కించుకుపోయారు. దొంగకి తాళంచెవి ఇచ్చిన వెధవలు!"

"ఉస్తా, నా వాచీ..." అనేవాడు వచ్చినవాడు, పనితనం తెలిసినవాణ్ణి పిలిచే మర్యాదతో.

"ఇదిగో. నీ వాచీకేం, మళ్ళీ నడుస్తుంది."

నగరం పడింది మంగళవారం నాడు. అందుకని ఆ సామ్రాజ్యపు ప్రజల వారసులమైన మా రోమీల్లో ఎవరూ ఆ రోజు పెళ్ళి పెట్టుకోరు, ఇంటికి పునాది తీయరు, కొత్త గుడ్డ కత్తిరించరు. అంతవరకు అందరం పాటిస్తాం. థ్రాసోస్ మాత్రం మంగళవారం కొత్త సబ్బుబిళ్ళ కూడా విప్పనిచ్చేవాడు కాదు.

"పిల్లను చూసుకోవడానికి మంగళవారం రమ్మన్నారని మొదటి సంబంధం వదిలేశాడు. బుధవారం రమ్మన్న పిచ్చివాళ్ళు మా వాళ్ళే" అనేది భార్య ఎఫ్తెర్పి, వంకాయల తొక్క తీస్తూ.

డెబ్భైలోకి వచ్చాక థ్రాసోస్ రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి. ఒప్పుకోలేదు. దీపం సరిగా లేదన్నాడు, భూతద్దం పాతదన్నాడు. చివరికి రొట్టెల కొట్టు యజమాని వాచీకి పెద్ద ముల్లు స్థానంలో చిన్నది బిగించి పంపాడు. పొయ్యిలో ఆ పూట రొట్టెలన్నీ మాడిపోయాక ఆ మనిషి కొట్టు ముందుకొచ్చి అరిచిన అరుపులు స్టేషన్ దాకా వినిపించాయి. ఎఫ్తెర్పి మొగుణ్ణి చెయ్యి పట్టుకుని కంటి ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

అక్కడ అందరూ నెర్మిన్ హనుమ్, అంటే నెర్మిన్ గారు, అని పిలిచే డాక్టరమ్మ పరీక్ష చేసి, "ఇంకా ఆలస్యం చేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది ఉస్తా. అప్పుడు నేనేం చేసినా చూపు రాదు. ముందు ఎడమ కన్ను చేద్దాం" అంది.

"ఎప్పుడు?"

"నా ఆపరేషన్లు మంగళవారాలే."

థ్రాసోస్ లేచి టోపీ పెట్టుకున్నాడు. ఎఫ్తెర్పి ఆ టోపీని తీసి తన సంచిలో పడేసింది.

"అసలు మా చరిత్రలో కంటి దగ్గరికి ఇనుము వస్తే ఏమవుతుందో తెలుసా డాక్టరమ్మా?" అన్నాడాయన.

"కళ్ళు పొడిచింది గద్దె కోసం కదయ్యా! నీకేం గద్దె ఉంది? కాలు విరిగిన స్టూలు!" అంది ఎఫ్తెర్పి.

నెర్మిన్ హనుమ్ నవ్వాపుకుని, "నాకర్థమైంది ఉస్తా. మా అమ్మమ్మా అంతే. మంగళవారం మొదలెట్టిన పని ఊగిసలాడుతూనే ఉంటుందనేది. మా తుర్కుల్లో చాలామంది అదే అంటారు" అంది.

ఓదార్పుగా అన్న మాటే. థ్రాసోస్ మొహం మాత్రం కందగడ్డ అయింది.

"మీకెందుకమ్మా భయం? గెలిచింది మీరు! గుడి తీసుకున్నారు, కోట తీసుకున్నారు, ఊరికి ఊరే తీసుకున్నారు. మాకు మిగిలింది ఒక్క మంగళవారం. అదీ మీదేనా?"

డాక్టరమ్మ కాగితం మీద తేదీ రాసింది. మంగళవారమే.

ఆ తేదీ దగ్గరపడే కొద్దీ ఇల్లు రణరంగమైంది. పాదిరీ గారు వచ్చి, దేవుడు అన్ని రోజులూ సృష్టించాడని చెప్పి చూశారు. "ఆ రోజు ఆయన ఎటు చూస్తున్నాడో ముందది చెప్పండి" అని థ్రాసోస్ ఆయన్ని కాఫీ తాగకుండానే పంపాడు.

"మీ చక్రవర్తి పోయి ఐదు వందల ఏళ్ళు దాటింది. నేనింకా బతికే ఉన్నాను. గుడ్డివాడికి అన్నం కలిపి పెట్టాల్సింది నేనా, ఆయనా?" అంది ఎఫ్తెర్పి.

"మొదలెట్టకూడదే, అర్థం చేసుకో. ముందే మొదలైన పని అయితే వేరే సంగతి."

ఎఫ్తెర్పి ఆ ఆఖరి మాట పట్టుకుంది.

సోమవారం సాయంత్రం ఆయన్ని కుర్చీలో వెనక్కి వంచి, డాక్టరమ్మ ఆపరేషన్‌కు ముందురోజు వెయ్యమన్న చుక్కలు ఎడమ కంట్లో వేసింది.

"ఏమిటిది?"

"ఆపరేషన్ మొదలైంది. ఇవాళ సోమవారం."

థ్రాసోస్ వేళ్ళు మడిచి లెక్కేశాడు. "చర్చి లెక్కలో పొద్దు కుంకితే రేపటి రోజు వచ్చేసినట్టే. సూర్యుడున్నాడా?"

"కోటగోడ మీద కూర్చుని నిన్నే చూస్తున్నాడు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. బూడిదరంగు తప్ప ఏమీ కనబడలేదు. పెళ్ళాం మాట నమ్మడం తప్ప దారి లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక కిటికీలోంచి ఆయన మొదట చూసింది కోటగోడే. "కొత్త ఇటుకలు పెట్టి ఇలా తగలేశారా? బిస్కెట్ డబ్బాలా ఉంది!" అని రెండు రోజులు సణిగాడు. మూడో రోజు చుక్కలు వేసే వేళకి గోడ మీద సూర్యుడు లేడు. అవతలి కూరగాయల తోటల్లో అప్పటికే దీపాలు వెలిగాయి.

"ఎఫ్తెర్పీ, సోమవారం కూడా ఇదే వేళా?"

"కన్ను కనబడుతోందా లేదా?"

"అంటే మంగళవారం వచ్చేశాక మొదలెట్టావు!"

"అవును, మొదలెట్టాను. ఏ సామ్రాజ్యం కూలింది?"

ఆయన వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ వారం చాలా హాయిగా గడిచిందని ఆమె అందరికీ చెప్పుకుంది.

వసంతంలో కుడి కన్ను వంతు వచ్చింది. అదీ మంగళవారమే. సోమవారం మధ్యాహ్నం భోజనం మధ్యలో లేచి, థ్రాసోస్ కిటికీ దగ్గరికెళ్ళి, బాగైన కంటితో సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో నిదానంగా చూసుకున్నాడు. చుక్కల సీసా తానే అందుకున్నాడు. ఒంటరిగా వేసుకోబోతే మొదటి చుక్క ముక్కు మీద, రెండోది మీసం మీద పడ్డాయి.

"ఇలా ఇవ్వు!" అని ఎఫ్తెర్పి సీసా లాక్కుంది.