తలుపు బయట తడి బూట్లు

హైస్కూల్లో సైన్సు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే మొహం మీదే నవ్వేదాన్ని. ఇప్పటికీ నమ్మను. అయినా పోయిన చలికాలం అమెరికాలో, పార్సిప్పనీలో మా అమ్మాయి లావణ్య ఇంట్లో ఏం జరిగిందో జరిగినట్టే చెప్తాను.

మా అల్లుడు కిరణ్ బంగారంలాంటి మనిషి, ఒక్క బూట్ల విషయంలో తప్ప. ఆఫీసు నుంచి రాగానే అపార్ట్‌మెంట్ తలుపు బయట కాళ్ళు దబదబా కొట్టి మంచు దులుపుకుంటాడు. బూట్లు విప్పి ఎటుపడితే అటు విసిరేస్తాడు. నేను గొణుక్కుంటూ వెళ్ళి, రెండింటినీ జతగా చేర్చి, మడమల వైపు గోడకి ఆనించి పెడతాను.

ఆ రోజు పొద్దున్నుంచీ ఫోన్లు ఒకటే మోత. బ్లిజార్డ్, అదే మంచు తుఫాను, వస్తోంది, ఎవరూ రోడ్డెక్కొద్దని. రాత్రికి వస్తుందన్నది మధ్యాహ్నానికే మొదలైంది. అప్పటికే కిరణ్ ఆఫీసులో బయల్దేరాడు.

కిటికీలోంచి చూస్తే ఎదురు బిల్డింగ్ కూడా కనబడటం లేదు. గాలి హోరుకి అద్దాలు వణుకుతున్నాయి. లావణ్య ఫోన్ చేస్తే, ట్రాఫిక్ కదలడం లేదని, కారు పక్కకి ఆపుకున్నానని, రోడ్డు మీద మంచు తీశాక తనే చేస్తానని చెప్పాడు. ఆ తర్వాత ఫోన్ లేదు. నా మనసు మనసులో లేదు.

ఇంకా చీకటి పడలేదు. తాలింపు వేస్తుంటే బయట దబదబా చప్పుడైంది. హమ్మయ్య అనుకున్నాను. పొయ్యి కట్టేసి వెళ్ళి తలుపు తీస్తే బూట్లున్నాయి. ఎప్పట్లాగే ఒకటి అటు, ఒకటి ఇటు. వాటి మీద మంచు కూడా కరగలేదు. గొణుక్కుంటూనే సర్దాను. వేళ్ళు కొంకర్లు పోయాయి.

"మీ ఆయన వచ్చాడే" అని కేకేశాను.

లావణ్య బెడ్‌రూమ్‌లోంచి వచ్చింది. "ఎక్కడమ్మా? ఇప్పుడు నువ్వు లాక్ తీసేదాకా డోర్ వేసే ఉంది కదా."

ఇద్దరం బయటికి చూశాం. బూట్లు లేవు. గోడ పక్కన కార్పెట్ మీద తడి మాత్రం ఉంది. లావణ్య కూడా ముట్టుకుని చూసింది.

"ముందు వాడికి ఫోన్ చెయ్యి" అన్నాను.

ఎత్తలేదు. మళ్ళీ చేసింది. చేస్తూనే ఉంది. చివరికి ఎత్తాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. హీటర్ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని నిద్రపోయాడట. తల పగిలిపోతోందన్నాడు.

ఆ మాట వినగానే నాకు సంగతి అర్థమైంది. ఫోన్ లాక్కున్నాను. "ఇంజిన్ ఆపెయ్ బాబూ. తలుపు తీసి బయటికి రా, తర్వాత మాట్లాడదాం."

కారు పొగగొట్టం మంచులో కూరుకుపోయి ఉంది. పొగంతా లోపలికే వస్తోంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. ఏళ్ళ తరబడి నేను పిల్లలకి చెప్పిన పాఠమే అది. ఇంకాసేపు అలాగే పడుకునుంటే మావాడు మాకు దక్కేవాడు కాదు.

వెనక కారువాళ్ళు అతన్ని ఎక్కించుకున్నారు. మర్నాడు రోడ్లు తీశాక ఇంటికొచ్చాడు. నేను చూసింది అతనికి మేమింకా చెప్పనే లేదు. కాఫీ తాగుతూ తనే మొదలుపెట్టాడు.

"అత్తయ్యగారూ, ఒక చిత్రం. సాక్స్ తడిశాయని కార్‌లో బూట్లు విప్పి పక్కకి విసిరేశాను. మీ ఫోన్‌కి లేచి చూస్తే రెండూ జతగా ఉన్నాయి. మడమలు సీట్‌కి ఆనించి."

లావణ్య నా వైపు చూసింది. నేను కప్పు కింద పెట్టేశాను.

అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ బూట్ల సంగతి తేల్చడానికి మాత్రం చదివిన సైన్సేదీ అక్కరకి రాలేదు. కిరణ్ ఇప్పటికీ బూట్లు విసిరేస్తూనే ఉన్నాడు, నేను సర్దుతూనే ఉన్నాను. గొణగడం మాత్రం మానేశాను.