నలభై నాలుగు అడుగుల లోపు

మొన్న సైటులో కొత్తగా చేరిన ఇంజనీరు కంప్యూటర్లో చుక్కలు పెట్టి, ఒక్క నొక్కుతో వాటి గుండా గీత లాగేశాడు. పెన్సిలు చెక్కుకుని గ్రాఫు కాగితం మీద ఒక్కో చుక్కా పెట్టిన నా ఈడువాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

అప్పుడు నేను పాలిటెక్నిక్ రెండో ఏడు. మా ఊరు పర్ణశాలకూ భద్రాచలానికీ నడుమ, గోదారి ఒడ్డున. వదినకు నెలలు నిండాయి. దవాఖానా భద్రాచలంలో, అన్న ఉద్యోగమూ అక్కడే. దారిలో వాగు మీద చప్టా ఒక్కటే. భద్రాచలంలో గోదారి నీటిమట్టం నలభై నాలుగు అడుగులైతే నీళ్లు వాగులోకి ఎదురుతన్ని అది మునుగుతుందని ఊరంతటికీ తెలుసు.

నాన్న వరదప్పుడు రెండు గంటలకోసారి నీళ్ల అంచున పుల్ల గుచ్చేవాడు. పుల్లల మధ్య దూరం తగ్గితే వరద నెమ్మదించినట్టు లెక్క. ఆ రోజు పొద్దున బారెడున్న దూరం మధ్యాహ్నానికి మూరెడైంది. ప్రయాణం రేపు పెట్టుకుందామన్నాడు.

నేను మాత్రం అన్న ఫోన్లో చెప్పిన మట్టాలు రాసుకున్నాను: ఆరింటికి ముప్పై తొమ్మిది, ఎనిమిదింటికి నలభై, పదింటికి నలభై ఒకటి, పన్నెండింటికి నలభై రెండు. గంటలు అడ్డంగా, అడుగులు నిలువుగా పెడితే నాలుగు చుక్కలూ స్కేలు అంచుకు అతికినట్టు నిలిచాయి. గీత పొడిగిస్తే నాలుగింటికి నలభై నాలుగు. వరద నెమ్మదించలేదు; పైకి పోయేకొద్దీ ఒడ్డు నిటారు కనుక పుల్లలు దగ్గరపడ్డాయి, అంతే.

“ఏందిరా, గోదారి నీ కాగితం చూసి పారుతదా?” అన్నాడు నాన్న.

“రెండింటికి నలభై మూడు అంటడు అన్న, చూడు.”

రెండింటికి ఫోన్ మోగింది. నలభై మూడు. అయినా నాన్న చూపు ఒడ్డు వైపే ఉంది.

“మామా, మీ పుల్లలు రేపు చూసుకుందురు గని, నేనైతే ఇయాల్నే పోత” అంటూ వదిన బట్టల సంచి అందుకుంది.

నాన్న గొణుక్కుంటూనే ఆటో పిలిచాడు. రెండున్నరకు చప్టా దాటాం. నీళ్లు ముప్పావు అడుగు కింద ఉన్నాయి. నాలుగు దాటాక చప్టా కనబడటం లేదని ఊరినుంచి కబురు. మర్నాడు పొద్దున దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది.

ఆ ఏటి తర్వాత నాన్న పుల్లలు గుచ్చడం మానేశాడు. నీ గీత ఏమంటుందని నన్నే అడిగేవాడు. అప్పుడది గెలుపనుకున్నాను. ఇప్పుడు గీత నేనూ గీయను, ఫోనే చూపిస్తుంది. ఒడ్డు ఎక్కడ చదునో ఎక్కడ నిటారో పాదాలకు తెలిసిన నాన్న కూడా ఆ ఫోన్నే చూస్తాడు. వరద వచ్చిందంటే మా ఇంట్లో ఎవరమూ గోదారి దాకా వెళ్లడం లేదు.