తుఫానులో పది కిలోల ఎల్లిగడ్డ

తుఫాను మా బందరు వైపు తీరం దాటుతుందన్నారు. దాటితే దాటింది, వానంతా మోసుకొచ్చి దిల్‌సుఖ్‌నగర్ మీద కుమ్మరించింది. యూనివర్సిటీకి సెలవు. హాయిగా రెండో కాఫీ తాగుతుంటే హాస్టల్ మెస్ నుంచి ఫోను. నేను చెప్పేది చరిత్ర పాఠాలు. మెస్ బాధ్యత అదనపు శిక్ష.

వంట పెద్ద యాదమ్మది నల్గొండ వైపు పల్లె. వానకు ఆమె మాట తెగి తెగి వినిపించింది. "కూరగాయల బండి రాలే సార్. మూడు పూటల సంది ఉత్త పప్పే. పిల్లలు బ్యాగులు సదురుకున్నరు, నడిచి పోతరట... ఎల్లి... గడ్డ... పది కిలోలు జర జల్ది తెండ్రి!"

ఈ వానలో నడకా! హాస్టల్‌కూ హైవేకూ నడుమ వాగుంది. దాని మీద అంచుగోడ లేని పాత కల్వర్టు. నీళ్లు పొంగితే రోడ్డెక్కడో, వాగెక్కడో తెలియదు.

"ఎల్లిగడ్డ అంటే వెల్లుల్లి," అని మా ఆవిడకు గొప్పగా చెప్పాను. ఇరవై ఏళ్లుగా ఇక్కడుంటున్నాను, ఆ మాత్రం మాట రాదా!

"పది కిలోలా? సరిగ్గానే విన్నారా?" అంది.

అనుమానం పెనుభూతం అని కొట్టిపారేశాను.

రైతుబజార్లో సంచి నింపుకొని తొమ్మిదింటికల్లా మెట్రో ఎక్కాను. వానలో మీరు ఎల్బీనగర్ వెళ్లాల్సొస్తే మెట్రోనే ఎక్కండి. కింద ఆటోలు నడుములోతు నీళ్లలో మొరాయిస్తున్నాయి. ఎదుటి సీటు పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు.

"గింత ఎల్లిగడ్డ ఏం జేస్తరు సార్? పచ్చళ్ల దందానా?"

"హాస్టల్ పిల్లలకండీ."

"అయ్యో పాపం," అన్నాడు.

ఎల్బీనగర్‌లో విజయవాడ వైపు బస్సు దొరికింది. కండక్టరమ్మ సంచికి లగేజీ టికెట్టు కొట్టబోయి, సంగతి విని మానేసింది. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక దిగి, ఒక ట్రాక్టర్‌ను బతిమాలాను.

"ఇప్పుడైతే దాటిస్త. పొద్దుగూకినంక నన్ను అడగొద్దు," అన్నాడు డ్రైవరు. కల్వర్టు మీద నీళ్లు ఇరుసును తాకుతున్నాయి. గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

హాస్టల్ వరండాలో బ్యాగులు బారులు తీరి ఉన్నాయి. యాదమ్మ సంచి విప్పి నెత్తి కొట్టుకుంది.

"పిల్లలు ఎల్లిపోతమంటున్నరు, ఉల్లిగడ్డ తెండ్రి అన్న సార్! మీరేంది, ఎల్లిగడ్డ తెచ్చిర్రు?"

పిల్లలు పగలబడి నవ్వారు. నా తెలంగాణ పాండిత్యం ఆ వాగులో కలిసింది. అందరికంటే ముందు బ్యాగు తగిలించుకున్నది ఎమ్మెస్సీ చదివే శ్రావణి.

"నవ్వింది చాలు గానీ మేం పోతం సార్. మాతోని కాదిక్కడ," అంది.

నేనెంత చెప్పినా వినలేదు. యాదమ్మ మాత్రం ఆపనే లేదు.

"పోదురు గని బిడ్డా, జర పులుసు తాగి పోండ్రి. గీ పొట్టు తీసుడు నా ఒక్కదానితోని అయితదా?"

సరేనని కూర్చున్నారు. నేనూ, క్వార్టర్స్‌లో ఉండే లెక్చరర్లూ కూర్చున్నాం. ఫిజిక్స్ మేడం జట్లు కట్టి పందెం పెట్టింది. పాటలు, పొడుపుకథలు, ఒకరి మీద ఒకరు పొట్టు చల్లుకోవడం. ఎంత ఒలిచినా కుప్ప తరగదే!

"నీళ్లలో నానబెడితే తొందరగా ఊడుతుంది కదా," అన్నాను.

యాదమ్మ నా కాలు తొక్కింది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

ఒలవడం అయ్యేసరికి పొద్దు వాలింది. ఎల్లిగడ్డ పులుసు, రోట్లో నూరిన ఎల్లిపాయ కారం, పొగలు కక్కే అన్నం. శ్రావణి మూడోసారి వడ్డించుకొని, "ఇంత తిన్నంక ఎవరు నడుస్తరు? రేపు పోతం," అంటూ బ్యాగు లోపల పెట్టేసింది.

తెల్లారేసరికి వాన వెలిసింది. అందరం వాగు దగ్గరికి వెళ్లాం. కల్వర్టు సగం లేదు. శ్రావణి యాదమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉల్లిగడ్డ తెస్తే కోసుడెంత సేపు సార్? తిని ఎల్లిపోతుండిరి," అంది యాదమ్మ. "ఎల్లిగడ్డ తెచ్చిర్రు, ఆగిండ్రు."

నీళ్లు తీశాక పొలంగట్ల మీదుగా చుట్టు తిరిగి హైవే చేరాను. తిరుగు మెట్రోలో నా పక్క సీట్లు రెండూ ఖాళీ, చేతుల వాసన అలాంటిది మరి. ఎన్నో ప్రయాణాలు చేశాను గానీ, తప్పు చేసి ఇంత తృప్తిగా ఇల్లు చేరడం ఇదే మొదలు. చైతన్యపురి దాటుతుంటే మా ఆవిడ ఫోను.

"వస్తూ వస్తూ కిలో ఉల్లిపాయలు పట్టుకురండి."

"ఏమన్నావ్? మళ్లీ చెప్పు," అన్నాను.